కంపవాతమును విద్యుత్తుతో అణచిన చరిత్రము



ముదిమిలో చేతులు వణకుట మన గ్రామములకు క్రొత్త గాదు. “వయసు మీరినది, వణకు వచ్చినది” అని సరిపెట్టుకొందుము. కాని వణకులన్నియు నొక్కటి కావు. కొందరికి పని చేయునపుడు కాక, చేయి ఒడిలో ఊరకయున్నపుడే వణకు పుట్టును. అడుగులు చిన్నవగును, లేచుటకును, ప్రక్కకు తిరుగుటకును ఆలస్యమగును, మొగమున భావము తోపదు, వ్రాయగా వ్రాయగా అక్షరములు కుదించుకొనిపోవును. ఇది ముదిమి కాదు, రోగము. ఇట్టి లక్షణములను మన ప్రాచీన వైద్యులు వేపథువనియు, కంపవాతమనియు వాతరోగములలో చేర్చి చెప్పిరి. నేటి వైద్యులు దీనిని పార్కిన్‌సన్ వ్యాధి యందురు. ఈ రోగమును సన్నని విద్యుత్ప్రవాహముతో అణచుట యెట్లు సాధ్యమయ్యెనో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

1817లో లండను నగరమున జేమ్స్ పార్కిన్‌సన్ అను వైద్యుడు ఆరుగురు రోగులను గూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. వారిలో కొందరిని ఆయన వీధిలో చూచి గుర్తించినవాడే. తరువాత పారిసు నగరపు షార్కో అను వైద్యుడు ఈ రోగమునకు ఆయన పేరే పెట్టెను. 1870లో బెర్లినున ఫ్రిట్ష్, హిట్జిగ్ అను నిరువురు కుక్క మెదడు పైపొరకు స్వల్ప విద్యుత్తును తాకించి చూడగా, ఒకచోట తాకిన ముంగాలును, వేరొకచోట తాకిన వెనుకకాలును కదలెను. శరీరచలనమునకు మెదడులో నియతస్థానములు కలవనియు, వానిని విద్యుత్తుతో ప్రేరేపింపవచ్చుననియు అప్పుడు తేటపడెను. అయినను వణకు పుట్టు చోటు మాత్రము మరుగుననే యుండెను.

ఇరువదవ శతాబ్దమున శస్త్రవైద్యులు సాహసించి మెదడునకు కత్తి పెట్టిరి. వణకు తగ్గినచో చేయి చచ్చుపడెడిది. 1947లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున స్పీగెల్, వైసిస్ అనువారు మనుష్యుని తలకు చట్రము బిగించి, కొలతలను బట్టి మెదడు లోతున కోరిన చోటికి సన్నని సూదిని పంపు విధానమును వెలువరించిరి. 1952లో న్యూయార్కునందు కూపర్ అను శస్త్రవైద్యుడు ఒక రోగికి చికిత్స చేయుచుండగా, తలవని తలంపుగా ఒక రక్తనాళము చినిగెను. ఆయన దానిని బిగించి, చికిత్సను అంతటితో ఆపివేసెను. రోగి మేల్కొనునప్పటికి వణకు పోయియుండెను. చేయి మాత్రము పడిపోలేదు. ఆ నాళమువలన పోషింపబడు లోపలి భాగములలోనే రోగమునకు సంబంధించిన స్థానము కలదని దీనివలన తెలిసెను. అటుపిమ్మట థలమస్ మొదలగు లోపలి భాగములలో గింజయంత చోటును కాల్చివేయుట వాడుకయయ్యెను. కాని కాల్చిన మెదడు మరల మొలవదు. రెండు ప్రక్కలను కాల్చినచో పలువురకు మాట ముద్దపడుచుండెను.

ఇంతలో ఔషధము దొరకెను. ఈ కథలో మన దేశపు మొక్కలు రెండు కలవు. మొదటిది సర్పగంధ. దాని వేరునుండి తీసిన రెసర్పిన్ అను మందును స్వీడను దేశపు కార్ల్‌సన్ కుందేళ్లకు ఇచ్చినపుడు అవి కదలక మెదలక పడియుండెను. 1957లో ఆయన లెవోడోపా అను పదార్థమునకు ఆధారమైన డోపాను వానికి ఎక్కింపగా అవి లేచి తిరుగసాగెను. 1960లో వియన్నా నగరమున హార్నికీవిచ్ మొదలగువారు, ఈ రోగముతో మరణించినవారి మెదడులలో డోపమైన్ అను రసము మిక్కిలి తరిగియున్నదని చూపిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ దీర్ఘకాలము హెచ్చు మోతాదుల నిచ్చి రోగులను నడిపించెను. రెండవ మొక్క మన కంచెలపై ప్రాకు దూలగొండి. దాని గింజలలో ఆ లెవోడోపాయే కలదని 1937లో మదరాసునందు దామోదరన్, రామస్వామి అను పరిశోధకులు వేరుచేసి చూపియుండిరి. అట్లని దూలగొండిని ఎవరికి వారే నూరి మ్రింగరాదు. గింజలో మందెంతయో కన్నుతో తెలియదు.

ఔషధమునకును ఒక అవధి కలదు. నాతో పనిచేసిన తెలుగు పండితుడొకరు ఈ రోగమున పడిరి. మొదటి కొన్ని యేండ్లు మందు ఆయనను నిలువబెట్టెను. తరువాత ప్రొద్దుట మాత్ర వేసికొనిన రెండు గంటలు మాత్రమే కలము పట్టగలిగెడివారు. ఆపై కొయ్యవలె బిగిసిపోయెడివారు. మరల మాత్ర పనిచేయునపుడు మెడయు చేతులును తమంతట తామే మెలికలు తిరిగెడివి. బంధువులలో కొందరు అది నటన యని గొణుగుకొనిరి. రోగముకన్న ఆ మాటయే ఆయనను ఎక్కువ నొప్పించెను. ఇట్టివారి కొరకే వేరొక ఉపాయము కావలసివచ్చెను.

ఆ ఉపాయము 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ పట్టణమున దొరకెను. అలిం లూయీ బెనాబిద్ శస్త్రవైద్యుడేగాక భౌతికశాస్త్రమునను పట్టభద్రుడు. కాల్చుటకు ముందు సూది సరియైన చోట ఉన్నదో లేదో తెలియుటకై కొంచెము విద్యుత్తును పంపి చూచుట శస్త్రవైద్యుల ఆచారము. రోగి మేలుకొనియే యుండును. బెనాబిద్ ఆ ప్రవాహపు వేగమును మార్చి మార్చి చూచెను. మందముగా పంపినపుడు వణకు తగ్గలేదు. సెకండునకు ఇంచుమించు నూరు తడవలకు చేర్పగా వణకు ఆగెను. ప్రవాహమును ఆపగా మరల వచ్చెను. అనగా, కాల్చినందువలన కలుగు ఫలము కాల్చకయే కలిగెను. వలదన్నచో వెనుకకు తీసికొనవచ్చును. ఒక ప్రక్క కాల్చియుండి రెండవ ప్రక్క కాల్చుటకు భయపడవలసిన రోగులకు ఆయన ఆ రెండవ ప్రక్కన తీగను శాశ్వతముగా ఉంచెను.

అయితే థలమస్‌నందలి తీగ వణకునే ఆపెను గాని, బిగువును, మందగతిని అంతగా తీర్పలేదు. తగిన చోటును చూపినది వేరొక పరిశోధన. 1982లో కాలిఫోర్నియాలో మత్తుమందు వాడిన కొందరు యువకులు ఒక్కుమ్మడిగా ముదుసలులవలె బిగిసిపోయిరి. ఆ మందులో కలసిన విషము మెదడులో డోపమైనును పుట్టించు కణములను చంపెనని లాంగ్‌స్టన్ అను వైద్యుడు కనుగొనెను. ఆ విషముతో కోతులయందు రోగమును కలిగించి పరీక్షించుట అప్పుడు సాధ్యమయ్యెను. మెదడు లోతున ఒక్కొక్క కణపు ధ్వనిని ఏండ్ల తరబడి విన్న మహ్లన్ డెలాంగ్, తన సహచరులతో కూడి, థలమస్ క్రింద నున్న ఒక చిన్న కణసముదాయము ఈ రోగమున అతిగా పనిచేయుచున్నదని గ్రహించెను. 1990లో దానిని చెరుపగా కోతుల బిగువును, వణకును తగ్గెను. ఆ మార్గముననే 1993లో బెనాబిద్, పోలాక్ మొదలగువారు గ్రెనోబుల్‌లో మనుష్యులకు ఆ చోట తీగ నుంచిరి. ఈ తూరి మందగతియు, బిగువును కూడ తగ్గెను. 2014లో బెనాబిద్, డెలాంగులకు లాస్కర్ బహుమానము లభించెను. లోకమున లక్షకు మించిన రోగులకు ఈ చికిత్స జరిగియున్నది. హైదరాబాదునందలి నిమ్స్ వైద్యశాలలోను ఇది జరుగుచున్నది.

తీగ మిల్లీమీటరునకు కొంచెము మించిన లావు. అది చర్మము క్రిందుగా మెడను దాటి, కంఠపుటెముక దిగువ నుంచిన చిన్న యంత్రమునకు చేరును. ఆ యంత్రము సెకండునకు సుమారు 130 విద్యుత్స్పందనములను పంపును. అవి లోపల చేయు పని యేమన్న విషయమున శాస్త్రజ్ఞులు నేటికిని వాదులాడుచునే యున్నారు. ఇది రోగమును నిర్మూలింపదు. దాని ముందునడకను ఆపదు. మందు బాగుగా పనిచేసినవారికే ఇదియు బాగుగా పనిచేయును. మాటకును, తూలుటకును మేలు తక్కువ. రక్తస్రావము, చీము పట్టుట వంటి అపాయములు కలవు. యంత్రపు బ్యాటరీని కొన్ని యేండ్ల కొకతూరి మార్చవలెను, లేదా అప్పుడప్పుడు విద్యుత్తుతో నింపవలెను. కావున ఎవరికి తగునో నిర్ణయింపవలసినవారు వైద్యులే.

మనము చేయగలిగినదియు కొంత కలదు. ఇంట ఒక పెద్ద చేయి ఊరక వణకుచున్నను, నడక కురుచయైనను, సంతకము చిన్నదగుచున్నను, అది ముదిమి యని గాని, బద్ధకమని గాని అనక, నరముల వైద్యునికి చూపుడు. మందు వేళకు ఇండు. బొత్తాము పెట్టుకొనుటకు ఆయనకు పది నిమిషములు పట్టినచో పది నిమిషములు ఆగుడు. పార్కిన్‌సన్ వీధిలో నిలిచి చూచినట్లు శ్రద్ధతో చూచు కన్ను మన యిండ్లలో నున్నచో, ఈ రోగము చాల ముందుగనే తెలియును.