రాతి కొండ, పంచాయతీ ఎన్నిక

కొల్లేరు చుట్టుపట్ల నేల ఒండ్రు నేల. ఎంత లోతు తవ్వినా బురదే గానీ బండ తగలదు. ఏలూరులో ఇంటి పునాదికి రాయి కావాలన్నా, తాడేపల్లిగూడెం రోడ్డుకు కంకర కావాలన్నా, చేపల చెరువు గట్టు మీద గ్రావెల్ పరవాలన్నా మెట్ట వైపు చూడాలి. మెట్ట దాటితే మన ఏజెన్సీ కొండలే. ఇది కొత్త సంగతేమీ కాదు. 1847లో కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టడానికి ధవళేశ్వరాన్ని ఎంచుకున్నాడంటే, పక్కనే కొండరాయి దొరకడం అందులో ఒక కారణం. డెల్టాకు నీళ్లు అందాయి, కొండ కరిగింది. అప్పట్లో కొండ కింద ఉన్నవాళ్లను అడిగే పద్ధతి లేదు. ఇప్పుడు ఉంది. అది ఎలా వచ్చిందో మన పిల్లలకు పాఠ్యపుస్తకాలు చెప్పవు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాం.

ముందు భూమి చట్టం వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం '1/70' అని పిలుచుకునేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. అయితే ప్రభుత్వమే తన భూమిని కంపెనీకి లీజుకిస్తే? ఈ ప్రశ్న విశాఖ ఏజెన్సీలో, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో లేచింది. అక్కడ గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టు 1997 జూలై 11న మన వైపు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో మనం గుర్తుపెట్టుకోవలసింది ఒక్క మాట. చట్టంలోని 'వ్యక్తి' అన్న పదంలో రాష్ట్ర ప్రభుత్వం కూడా ఉంటుందని న్యాయమూర్తులు అన్నారు. అంటే మామూలు గిరిజనేతరుడు ఎలా కొనలేడో, ప్రభుత్వమూ అలాగే గిరిజనేతరులకు లీజు ఇవ్వలేదు. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు దీనికి ఒప్పుకోలేదన్నది కూడా ఉపాధ్యాయులు చెప్పాలి. తీర్పు అంత సునాయాసంగా రాలేదు.

ఆ తీర్పు ప్రభుత్వ సంస్థలకూ గిరిజనుల సహకార సంఘాలకూ దారి తెరిచే ఉంచింది. దారి అంటే సందు కూడా. కాగితం మీద మనవాడి పేరు ఉంటుంది. లారీలు, మందుగుండు, లాభం మాత్రం వేరేవాళ్లవి. బినామీ అన్న మాట మన గూడేల్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు.

ఎన్నిక సంగతి ఇక్కడే వస్తుంది. 1996 డిసెంబర్ 24న వచ్చిన పీసా చట్టం రెండు పనులు చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల్లో అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలకే అంది. దీన్ని కొందరు కోర్టుల్లో సవాలు చేశారు. 2010 జనవరిలో సుప్రీంకోర్టు జార్ఖండ్ కేసులో ఆ రిజర్వేషన్ సబబే అని తేల్చింది. రెండో పని, చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు 'గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ' సిఫారసు తప్పనిసరి అంది. బాక్సైట్ పెద్ద ఖనిజం. ఇళ్లకు వాడే రాయి, గ్రావెల్, ఇసుక చిన్నతరహా ఖనిజాలు. పేరు చిన్నదే కానీ, రాతి క్వారీ విషయంలో మన మాటకు చట్టం ఇచ్చిన బలం పెద్దది.

ఆ వాక్యంలో 'లేదా' అన్న మాట దగ్గర ఆగండి. గ్రామసభ అంటే గూడెం మొత్తం. పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు మెంబర్లు. సభ కూర్చుని వద్దన్నా, నలుగురు మెంబర్ల సంతకాలతో తీర్మానం పుస్తకంలో అవునని రాయించుకోవచ్చని క్వారీ కోరేవాళ్లు ఆశపడేది ఈ 'లేదా'ను చూసే. కాబట్టే కొండ మీద కన్నున్నవాళ్లు సర్పంచ్ ఎన్నికకు ముందే గూడేనికి వస్తారు. మందు, డబ్బు, గుడి కట్టిస్తామన్న మాట, అన్నీ అప్పుడే. నామినేషన్ రోజునే 'క్వారీకి సంతకం పెడతావా' అని అభ్యర్థిని నలుగురిలో అడగడం ఎన్నికల గొడవ అనుకునేవాళ్లున్నారు. మా లెక్కలో అది పీసా అమలే.

సభ బలం ఎంతో చూడాలంటే పక్క ఒడిశాకు వెళ్లాలి. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ జూలై, ఆగస్టుల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఓటుపెట్టె లేదు, గుర్తు లేదు. డోంగ్రియా కోందులు లేచి నిలబడి, ఈ కొండ మా దేవుడని తమ భాషలో చెప్పారు. మరుసటి ఏడాది కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది.

మన రాష్ట్రంలో పీసాకు అనుగుణంగా పంచాయతీ చట్టాన్ని 1998లో సవరించారు. నియమాలు మాత్రం 2011లో గానీ రాలేదు. పదమూడేళ్లు! ఇంకో సంగతి. 2011 నుంచి 2013 దాకా, మళ్లీ 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా పంచాయతీలకు పాలకవర్గాలు లేవు. ప్రత్యేకాధికారులే నడిపారు. సర్పంచ్‌కు గడువుంది. గ్రామసభకు గడువు లేదు, అది రద్దు కాదు. గూడెంలో ఓటరు జాబితాలో పేరున్నవాళ్లందరూ సభ్యులే. ఇది తెలియక ఆ ఏళ్లలో చాలాచోట్ల సభ పెట్టమని అడిగినవాళ్లే లేరు.

ఏలూరు జిల్లాలో పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లోని కోయ, కొండరెడ్డి గూడేలకు ఈ హక్కులు వర్తిస్తాయి. షెడ్యూల్ గీత అవతల ఉన్న గిరిజన గూడేలకు, కొల్లేటి ఒడ్డున, తాడేపల్లిగూడెం చుట్టూ ఉన్న యానాది, ఎరుకల కుటుంబాలకు పీసా లేదు. వాళ్ల ఊళ్లో సర్పంచ్ పదవి ఎస్టీకి రావాలంటే రిజర్వేషన్ వంతు రావాలి. వాళ్ల ఊరి పక్క గుట్టను తవ్వాలనుకుంటే, వాళ్ల చేతిలో ఉన్నది అందరిలాగే ఒక్క ఓటు.