ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లాక: డబ్బు, గది, కులం

1913 జూలైలో న్యూయార్క్‌లో దిగిన అంబేడ్కర్‌కు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చింది. కొలంబియా యూనివర్సిటీ హార్ట్‌లీ హాల్‌లో కొద్ది రోజులే ఉన్నారు. తర్వాత కాస్మోపాలిటన్ క్లబ్‌కు, అక్కడి నుంచి లివింగ్‌స్టన్ హాల్‌కు మారారు. అక్కడ గదిలో తోడు దొరికిన పార్సీ యువకుడు నవల్ భతేనా ఆయనకు జీవితాంతం మిత్రుడయ్యాడు. ఇవాళ తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్తున్న దళిత విద్యార్థికీ మొదటి నెలల్లో ఎదురయ్యే ప్రశ్నలు ఆ రెండే: డబ్బు ఎప్పుడొస్తుంది, గది ఎవరితో. యూనివర్సిటీ ఓరియెంటేషన్‌లో ఈ రెండింటికీ సరైన జవాబు దొరకదు.

ముందు డబ్బు సంగతి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయలు ఇస్తారు. అయితే అందులో మొదటి విడత విమానం ఎక్కకముందు రాదు. అమెరికాలో దిగి, ప్రవేశ రికార్డు ఐ-94 సమర్పించాక వస్తుంది. రెండో విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాలి. ఈలోగా ట్యూషన్ ఫీజు, గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. భూమి, బంగారం ఉన్న ఇళ్లకు ఇది చిన్న ఇబ్బంది. కూలి మీద బతికే ఇంటికి మాత్రం ఇది వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడమే. అందుకే బయల్దేరకముందే యూనివర్సిటీ ఫీజుల విభాగానికి మంజూరు పత్రం జతచేసి మెయిల్ రాయండి, నెలవారీ వాయిదాలు అడగండి. చాలా యూనివర్సిటీల్లో ఆ సౌకర్యం ఉంది, అడిగినవాళ్లకే చెబుతారు. ఐ-94ను దిగాక ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ పని వాయిదా వేయకండి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏటా 125 స్థానాలుంటే వాటిలో 115 ఎస్సీలవి. ట్యూషన్‌తో పాటు అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్ల జీవనభృతి ఇస్తారు. కానీ 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, మిగతావాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు. జాబితాలో పేరు చూసుకుని టికెట్ కొనడం ప్రమాదం. ఇంకో మాట. భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదువులను 2022లో ఈ పథకం నుంచి తీసేశారు. 1916లో అంబేడ్కర్ కొలంబియా సెమినార్‌లో చదివిన కులాల పుట్టుక పత్రం లాంటి అంశంతో ఇవాళ దరఖాస్తు చేస్తే ఈ డబ్బు రాదు.

డబ్బు చాలక బయట నగదుకు పనిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. ఎఫ్-1 వీసాపై చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలే పనిచేయాలి. అది దాటి పట్టుబడితే చదువూ పోతుంది, వీసా కూడా పోతుంది.

ఇక గది. తెలుగు విద్యార్థులు చాలామంది వాట్సాప్ గ్రూపుల్లోనే రూమ్మేట్లను వెతుక్కుంటారు. అక్కడ కులం అడిగే పద్ధతి మనకు కొత్తేం కాదు. "ఇంటిపేరేంటి బ్రో?" "ఊళ్లో ఎక్కడ?" "మనోళ్లేనా?" జవాబు నచ్చకపోతే గది అప్పటికే నిండిపోయిందంటారు. "వెజ్ ఓన్లీ" అన్నచోట కొందరిది నిజంగా తిండి అలవాటే, కొందరికి అది జల్లెడ. కులం చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చెప్పకపోతే పిరికితనమని అనే హక్కు ఉద్యమంలో ఉన్న మాకూ లేదు.

ఇక్కడ చట్టం పరిమితి తెలిసుండాలి. హౌసింగ్ చట్టం రూమ్మేట్ ఎంపికకు వర్తించదని 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అంటే ప్రైవేటు ఫ్లాట్‌లో తిరస్కారాన్ని ఆ చట్టంతో నిలదీయడం కష్టం. క్యాంపస్ హాస్టల్‌లో యూనివర్సిటీ వివక్ష నిబంధనలు పనిచేస్తాయి. ఖరీదు కాస్త ఎక్కువైనా మొదటి సెమిస్టర్‌కు అదే మేలని మా అభిప్రాయం. బయట ఉంటే లీజులో మీ పేరు తప్పక రాయించుకోండి. నోటిమాటతో ఉన్నవాళ్లను నోటిమాటతోనే పొమ్మంటారు.

యూనివర్సిటీల విషయానికొస్తే, బ్రాండైస్ 2019లో కులాన్ని వివక్ష నిషేధ విధానంలో చేర్చింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో, బ్రౌన్ అదే ఏడాది డిసెంబర్‌లో చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేస్తూ, ఉన్న చట్టాల్లోనే ఈ రక్షణ ఉందన్నారు. ఆ మాటను మనం వాడుకోవచ్చు. మీ యూనివర్సిటీ విధానంలో కులం అనే పదం లేకపోతే, వంశ మూలం, జాతీయ మూలం అనే పదాల కింద ఫిర్యాదు రాయండి. వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, తేదీలు, అక్కడున్నవాళ్ల పేర్లు జతచేయండి. కులమంటే ఏమిటో అధికారికి తెలియకపోవచ్చు, ఒక పేరాలో వివరించండి. ఫిర్యాదు చేయడం వీసా నిబంధనల ఉల్లంఘన కాదు. "స్టేటస్ పోతుంది" అని బెదిరిస్తే ఆ బెదిరింపునూ ఫిర్యాదులో చేర్చండి.