‘అమ్యూజ్’ - ఒక ఆంగ్లక్రియ యొక్క అర్థచరిత్ర

నేటి ఆంగ్లమున ‘అమ్యూజ్’ అను క్రియకు వినోదపఱచుట, చిఱునవ్వు పుట్టించుట అనునవి ప్రసిద్ధార్థములు. కాని దాని పూర్వార్థము వంచనకు సన్నిహితమైనది. 1757 నాటి బొబ్బిలియుద్ధము, 1759 నాటి మచిలీపట్టణపు ముట్టడి మున్నగు ఘట్టములకు ఆనాటి ఆంగ్లరచనలు ముఖ్యాధారములు. కావున ఈ అర్థభేదము మన చరిత్రపరిశోధకులకును ఉపేక్షింపదగినది కాదు.

ఈ క్రియ ఫ్రెంచినుండి వచ్చినది. ఫ్రెంచిలో దీనికి మూలమైన ధాతువునకు నోరు తెఱచి చూచుచు నిలుచుట, ఊరక ప్రొద్దుపుచ్చుట అని అర్థము. ఒకనిని అట్లు నిలుచునట్లు చేయుటయే ‘అమ్యూజ్’. గ్రీకుల కళాధిదేవతలైన ‘మ్యూజు’లతో దీనికి గలది ధ్వనిసామ్యము మాత్రమే, ‘మ్యూజియము’ అను పదము మాత్రము ఆ దేవతల పేరున ఏర్పడినది.

15వ శతాబ్ది చివర ఆంగ్లమున ప్రవేశించిన ఈ క్రియ 1600కు పూర్వము అంతగా వాడుకలో లేదు. షేక్స్‌పియర్ దీనిని ప్రయోగింపలేదు. వినోదార్థము 17వ శతాబ్ది పూర్వార్ధముననే కనబడినను, 18వ శతాబ్ది వఱకు ప్రధానార్థము వేఱు: ఒకని దృష్టిని మఱొకచోట నిలిపి మోసగించుట. కొద్దిపాటి సేన శత్రువునకు ఎదురుగా నిలిచి కాలయాపన చేయుచుండగా, ప్రధానసేన వేఱొక దారిన పోవుట యుద్ధరచనలలో ఈ క్రియచేతనే చెప్పబడెడిది. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువు వినోదార్థముతోపాటు, ఆశ చూపి నిరీక్షింపజేయుట అను అర్థమును సైతము పేర్కొన్నది.

ఈ ప్రాచీనార్థమునకు మన ‘ఏమార్చు’ సరియైన మాట. ఏమఱుట జాగరూకత తప్పుట. ఒకనిని ఆ స్థితికి తెచ్చుట ఏమార్చుట. ఒక జమీందారును వాగ్దానములతో ‘అమ్యూజ్’ చేసిరని 18వ శతాబ్దపు లేఖలో నున్నచో, ఆతనిని సంతోషపెట్టిరని అనువదించుట పొరపాటు. మాటలతో ఏమార్చి కాలము గడపిరనుట సమంజసము. మొదటి అనువాదమున ఆ లేఖ స్నేహమునకు సాక్ష్యమగును, రెండవదానియందు కపటమునకు.

వంచన వినోదముగా మాఱుట వింతగాదు. సంస్కృతమున ‘వినోద’శబ్దమునకు మూలార్థము తొలగద్రోయుట. రెంటియందును మనస్సు ఒకదానినుండి మరలింపబడుచున్నది. తొలగునది దుఃఖమైనచో వినోదము, జాగరూకతయైనచో వంచన.

కావున ఇట్టి పదముల విషయమున నేటి నిఘంటువు ఒక్కటియే చాలదు. లేఖ వ్రాయబడిన సంవత్సరమును, సందర్భమును పరిశీలించిన పిమ్మటనే అర్థనిర్ణయము చేయుట యుక్తము.