పాతబడితే నీళ్లకు, లేదంటే గోడకు: చేర్యాల పటాల కథ

చేర్యాల పటం నూలుబట్ట మీద గీసిన కులపురాణం. వెడల్పు 3 అడుగులే అయినా పొడవు 40 అడుగులు దాటిన పటాలున్నాయి. గీసేవారు నకాశీలు, చూపిస్తూ కథ చెప్పేవారు వేరే. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలో ఉండేది. మల్లన్న వెలసిన కొమురవెల్లి గుట్ట అక్కడికి దగ్గరే. ఆ గుట్ట దగ్గర ఒగ్గు పూజారులు రంగుపొడులతో నేల మీద పట్నం వేస్తారు, కొలుపు ముగిశాక దాన్ని తొక్కి చెరిపేస్తారు. బొమ్మను దాచుకోవాలన్న ఆలోచనే లేని చోటు అది. పటం ఆయుష్షు పట్నం కన్నా ఎక్కువే గానీ, దానికీ చివరి రోజు ఉండేది.

పటం చెప్పే హక్కు ఎవరిది వారిదే. పద్మశాలీలకు భావనారుషి, మార్కండేయుల కథ చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివారు చెబుతారు. ముదిరాజుల దగ్గరికి కాకిపడగలవారు పాండవుల కథతో వస్తారు. చాకలివారికి మడేలు పురాణం వినిపించేది పటంవారు. ఏ ఊళ్లు ఎవరి వంతో తరతరాలుగా తెలిసిందే. ఆ హక్కు ఆస్తిలాగే కొడుకులకు దక్కేది. గుంజల మధ్య పటం కట్టి, పైనుంచి ఒక్కో వరుస విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ రాత్రుళ్లు పాడేవారు. ఊరికి చరిత్ర పుస్తకమూ, బొమ్మల కొలువూ అదే. చూడాలంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, అదే ఇంటి ముందుకు నడిచి వచ్చేది.

పని అంతా బట్ట దగ్గర మొదలవుతుంది. గంజి, సుద్ద, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి బట్టకు పూతలు పూసి ఆరబెడతారు. ఉడత వెంట్రుకల కుంచెతో గీతలు గీసి, వెనుక నేపథ్యమంతా ఎర్రరంగుతో నింపుతారు. పాతకాలపు పటాన్ని దూరం నుంచే పట్టించేది ఆ ఎరుపే. నీడలు, లోతులు ఉండవు; చీకట్లో దీపం వెలుగున, చివర కూర్చున్నవాడికి కూడా ఎవరు రాజో ఎవరు రుషో తెలియాలి కదా. దుస్తులు, నగలు, ఇళ్లు అన్నీ తెలంగాణ పల్లెవే.

చిరిగి, రంగు వెలిసిన పటాన్ని పారేయరు. అది దేవుడితో సమానం. కొత్తది గీయించుకుని, పాతదాన్ని పూజ చేసి నీళ్లలో కలిపేవారు. పాత పటాలు అరుదుగా మిగలడానికి పురుగు, తడి ఎంత కారణమో ఈ ఆచారమూ అంతే కారణం. హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిట్టల్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పటాలు నీటి దారి తప్పించుకున్నవే. అక్కడ రంగు భద్రంగా ఉంటుంది. కథ మాత్రం పక్కన అంటించిన కాగితం చెప్పినంతే. పాడే గొంతు లేని పటం సగం పటమే.

సినిమా వచ్చి పటం కథలకు జనం తగ్గాక నకాశీల ఇళ్లలో పనీ తగ్గింది. 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో హస్తకళల సంస్థల ప్రోత్సాహంతో పటం చిన్నదై గోడ కొలతకు దిగింది. పొడవాటి కథ పోయి ఒక్క ఘట్టం, ఒక్కోసారి కల్లు గీత, నాట్లు, బతుకమ్మ వంటి పల్లె దృశ్యం మిగిలింది. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసే ముఖాలు, పొనికి చెక్క బొమ్మలు కూడా అమ్మకానికి వచ్చాయి. సిద్దిపేటకే చెందిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) నకాశీ గీతను తన చిత్రాల్లోకి తెచ్చుకుని బోనాలు, బతుకమ్మ గీశారు. 1963లో సిద్దిపేటలోనే లలిత కళా సమితి స్థాపించారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పటికీ చేర్యాలలో ఈ పని కొద్ది కుటుంబాల చేతుల్లోనే ఉంది. కళ చూడాలని వచ్చేవారు వెళ్లేది వాళ్ల ఇళ్లకే.