మంద్రతంత్రుల వాద్యము



హరికథా సభలో మద్దెల ఒక్క నిమిషము నిలిచిపోయినచో, కథకుని కంఠమునకు లోపము లేకున్నను, సభికులు ఉలికిపడి మద్దెలవాని వైపు చూతురు. అంతవరకు ఆతడు కలడను తలంపే వారికి ఉండదు. పాశ్చాత్యుల రాక్ సంగీతమున బేస్ గిటారు వాయించువాని గతియు ఇట్టిదే. పాడువాడు ముందు నిలుచును. సన్నతంత్రుల గిటారువాడు మెప్పు పొందును. ఈతడు వెనుక నిలిచి, నాలుగు లావు తంత్రులపై, మంద్రస్థాయిలో పాటకు పునాది వేయుచుండును. ఈ వాద్యమెట్లు పుట్టినదో, దానిపై జనులు పాటలెట్లు నేర్చిరో మనవి చేసెదను.

పూర్వము ఈ పని డబుల్ బేస్ అను వాద్యముది. అది మనిషి నిలువును మించిన కట్టెపెట్టె. మన వీణకు వలె దానికి మెట్లు లేవు. వ్రేలు గోరంత జరిగినను శ్రుతి తప్పును. బాకాలును డప్పులును మ్రోగు నాట్యశాలలలో దాని గొంతు ఎవ్వరికిని వినబడెడిది కాదు. 1930 తరువాత సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నాతడు మెట్లు గల విద్యుద్వాద్యమొకటి చేసెను గాని అది ప్రచారము పొందలేదు. ఆ కీర్తి కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండరుకు దక్కెను. ఆయన రేడియో యంత్రములు బాగుచేయు వృత్తిలో నుండినవాడు. ఈ మాట రేడియో ముందు కూర్చుండి చెప్పుట నాకొక వేడుక. ఆయనకు గిటారు వాయించుట రాదు! అయినను 1951లో ఆయన విడుదల చేసిన బేస్ గిటారు సంగీతమునే మార్చివైచెను. మీటబడు తంత్రి నిడివి 34 అంగుళములు, మెట్లు 20. తంత్రుల క్రింద అయస్కాంతములును వాటికి చుట్టిన రాగితీగయు నుండును. ఉక్కుతంత్రి కదలినపుడు ఆ తీగలో విద్యుత్తు పుట్టి, యంత్రము ద్వారా ధ్వనియై పెరుగును. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ గారి వాద్యమును చూచినవారికి ఈ యేర్పాటు క్రొత్త కాదు.

మెట్లు వచ్చినవి గనుక విద్య సులభమయ్యెనని తలపవలదు. 1957లో ఎల్విస్ ప్రెస్లీ తన చిత్రమునకై పాటలు ముద్రించుచుండగా, ఆతని వెంట ఏండ్ల తరబడి పెద్ద బేస్ వాయించిన బిల్ బ్లాక్ ఈ క్రొత్త వాద్యమును చేతబట్టెను. ఒక పాటకు మొదట రావలసిన వరుస ఎన్నిమార్లు యత్నించినను పలుకలేదు. విసిగి వాద్యమును నేలబెట్టి లేచిపోయెననియు, ఎల్విస్ తానే దానిని అందుకొని ఆ వరుస వాయించెననియు తోడివారు చెప్పిరి. పేరుపడిన పనివాడు మరల బాలశిక్ష పట్టవలసి వచ్చుట ఎంత కష్టమో చేతిపని చేయువారికి తెలియును. నాకు ఆతనిపై జాలియే కలుగును.

ఇక నేర్చు విధము. ఆనాటి రాక్ పాటలు పెక్కు ఒకే చట్రములో నున్నవి. నాలుగేసి దెబ్బల ఆవర్తములు పండ్రెండు. మొదటి నాలుగు షడ్జమముపై, పిమ్మట రెండు మధ్యమముపై, మరల రెండు షడ్జమముపై. తొమ్మిదవది పంచమము, పదవది మధ్యమము, తుది రెండును షడ్జమము. తంత్రుల శ్రుతి కూర్పు దీనికి అనుకూలము. షడ్జమము ఏ మెట్టున నున్నదో, దాని సరసను గల సన్నతంత్రిపై అదే మెట్టున మధ్యమము దొరకును. రెండు మెట్లు దాటిన పంచమము. మూడు చోట్లు తెలిసిన బాలుడు పాట యంతయు వెంబడింపగలడు. అయితే డప్పువాని కాలిదెబ్బయు వీని మీటును ఒక్కమారే పడవలయును. అక్కడనే నెలలు గడచును.

గురువు లేనివారు గ్రామఫోను పళ్ళెమునే గురువుగా చేసికొనిరి. ముల్లు ఎత్తుట, వెనుకకు పెట్టుట, మరల వినుట. నిమిషమునకు 33 చుట్లు తిరుగు పళ్ళెమును 16 చుట్లకు దించినచో వేగము సగమగును గాని, స్వరము ఒక స్థాయి దిగిపోవును. మొదలే మంద్రమైన తంత్రి అప్పుడు ఉరుమువలె మసకబారును. కనుక బేస్ నేర్చువానికి ఆ ఉపాయము అంతగా అక్కరకు రాలేదు, చెవియే శరణ్యమయ్యెను.

కొందరికి ఈ విద్య అనుకొనకుండ అబ్బెను. బీటిల్స్ బృందమున బేస్ వాయించువాడు చిత్రలేఖనమునకై విడిపోగా, 1961లో జర్మనీయందలి హాంబర్గులో పాల్ మెకార్ట్‌నీ ఆ భారము తలకెత్తుకొనెను. ఆయన ఎడమచేతివాటము వాడు. ఫిడేలు ఆకృతి గల హాఫ్నర్ బేస్ త్రిప్పి పట్టినను వికారముగ నుండదని, సుమారు 30 పౌనులకు దానిని కొనెను. 1963లో కాలిఫోర్నియాలో ఒక ముద్రణకు బేస్ వాయించువాడు రానందున, గిటారు వాయించు కెరోల్ కే అను మహిళ ఆ వాద్యమును పట్టెను. ఆమె 1969లో నేర్చువారికై పుస్తకము కూడ వ్రాసెను.

వీరందరిలో నా మనస్సున నిలిచినవాడు డెట్రాయిటు నగరవాసి జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కటే మీటెడివాడు. మోటౌన్ సంస్థ పళ్ళెములపై పది సంవత్సరములు ఆతని వాద్యము దేశమంతట మ్రోగెను. మెకార్ట్‌నీ మొదలైన వారు ఆ పళ్ళెములను విని నేర్చిరి. కాని వాయించువాని పేరు అట్టపై లేదు. 1971లో మార్విన్ గే పాటల సంపుటిపై ఆ పేరు అచ్చుపడెను. 1983లో జేమర్సన్ మరణించెను. మరణమునకు కొలది దినముల ముందే ఆతని వాద్యము దొంగిలింపబడెను.

మెకార్ట్‌నీ హాఫ్నర్ వాద్యమును కూడ 1972లో లండనులో దొంగలు కొనిపోయిరి. అది అర్ధశతాబ్దము పిమ్మట, 2023లో దొరకి, ఆయన చేతికి తిరిగి వచ్చెను. జేమర్సన్ వాద్యము జాడ తెలియలేదు.