టెక్ అనే మాట

సాఫ్ట్‌వేర్ సహాయ పుస్తకాన్ని టెక్ అనే అక్షరకూర్పు సాధనంతో పీడీఎఫ్‌గా కట్టాలంటే ముందు దాని ప్యాకేజీల మూట టెక్ లైవ్ ఎక్కించుకోవాలి. పూర్తిగా దించితే కొన్ని జీబీలు. పొదుపుగా కొన్ని ప్యాకేజీలే వేసుకున్నామా, పని సగంలో ఆగి ఫలానా ఫైలు దొరకలేదంటుంది. అది కూడా వేసుకుంటే ఇంకొకటి అడుగుతుంది. ఇలా నాకో సాయంత్రం గడిచిపోయింది. ఆ విసుగులోనే ఈ పేరు ఎక్కడిదా అని వెతికాను.

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అచ్చు అందం పోయిందని బాధపడ్డాడు. తానే ఒక అక్షరకూర్పు సాధనం రాయడానికి కూర్చున్నాడు. అదే టెక్. దాని పేరులో ఉన్నవి గ్రీకు అక్షరాలు: టౌ, ఎప్సిలాన్, ఖై. చివరిది ఇంగ్లీషు ఎక్స్‌లా కనిపిస్తుంది గానీ, కాదు. అందుకే ‘టెక్స్’ అనకూడదు. ప్రాచీన గ్రీకులో ఆ అక్షరం మన ఖకారమే. ఆ ఒత్తు మన వర్ణమాలలో ఎప్పటినుంచో ఉంది!

ఆ పేరుకు మూలం గ్రీకు మాట ‘తెఖ్నే’. కళ, పనితనం రెండూ ఆ ఒక్క మాటలోనే. సంస్కృతంలో వడ్రంగిని చెప్పే ‘తక్షుడు’ కూడా ఆ మాటకు చుట్టమే. చెక్కను చెక్కే చేయి, పేజీని తీర్చే చేయి ఒకే ఇంటివన్నమాట.

లెస్లీ లాంపోర్ట్ 1980లలో టెక్ మీద లేటెక్ అనే పొర కట్టాడు. తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చాలంటే జీటెక్ లాంటి తర్వాతి తరం ఇంజను కావాలి. ఆ సాయంత్రం నేను చివరగా ఎక్కించింది దాన్నే. ‘క్ష్మి’ చెదరకుండా పడింది.