రంగు తగిలించిన ప్రతిరక్షకం

సూక్ష్మదర్శినిలో చూస్తే రక్తంలోని లింఫోసైట్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్లే ఉంటాయి. వీటిలో సహాయక టీ కణమేదో, సంహారక టీ కణమేదో రూపం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఇందుకొక దారి వేశారు. ప్రతిరక్షకాన్ని తయారుచేసే ఎలుక కణాన్ని చావెరుగని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగక స్రవించే సంకర కణాన్ని పుట్టించారు. ఈ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. విజ్ఞానానికి అది మేలే చేసిందని నా అభిప్రాయం.

అటువంటి ప్రతిరక్షకానికి మెరిసే రంగు తగిలించి రక్తంలో కలిపితే, తనకు సరిపడే అణువున్న కణానికే అంటుకుంటుంది. లేజరు కాంతిలో మెరిసిన కణాలను యంత్రం లెక్కపెడుతుంది. 1979 నాటికే సహాయక కణాలను పట్టిచ్చే ప్రతిరక్షకం వచ్చింది. ఒకరు ఓకేటీ4 అన్నారు, మరొకరు ల్యూ3 అన్నారు. ఒకే దేవుడికి ఊరికో పేరన్నమాట! 1982లో పారిస్ సమావేశంతో మొదలైన సీడీ వరుసలో ఆ అణువు సీడీ4 అయింది.

నన్ను ఆశ్చర్యపరిచేది ఆ కాలం కుదిరిన తీరు. 1981లో, ఎయిడ్స్ అన్న పేరైనా పుట్టకముందు, లాస్ ఏంజెలెస్‌లో వైద్యుడు గాట్లీబ్ అరుదైన న్యుమోనియా సోకిన యువకులను చూశాడు. వారి రక్తాన్ని ఈ ప్రతిరక్షకాలతో పరీక్షిస్తే సహాయక కణాలు దాదాపు లేనేలేవు. ఈ సాధనం పదేళ్లు ఆలస్యమై ఉంటే ఆ లోటు ఎవరి కంటికి ఆనేది?

మరొక విశేషముంది. గుర్తుగా ఎంచుకున్న ఆ అణువే వైరస్‌కు వాకిలి. సీడీ4ను ప్రతిరక్షకంతో ముందే కప్పివేస్తే వైరస్ కణంలోకి చొరబడలేదని లండన్, పారిస్ బృందాలు 1984లో వేర్వేరుగా చూపాయి.